ఇలోనా ఎలెక్ పేరు చెబితే తీరిపోయే కొన్ని ఫెన్సింగ్ అపోహలు

ఫెన్సింగ్ (కత్తులతో ఆడే ఆట) నేర్పే చోట తల్లిదండ్రులు, పెద్దపిల్లలు అడిగేవి దాదాపు ఇవే. హంగరీకి చెందిన ఫెన్సర్ ఇలోనా ఎలెక్ గురించి తెలిస్తే వీటిలో చాలా సందేహాలు వాటంతటవే పోతాయి.

అపోహ: ముప్పై దాటితే ఈ ఆటలో పని అయిపోయినట్టే.

వాస్తవం: ఎలెక్ 1907లో బుడాపెస్ట్‌లో పుట్టారు. 1936లో బెర్లిన్‌లో తొలి ఒలింపిక్ స్వర్ణం గెలిచేసరికే ఆమెకు 29 ఏళ్లు. యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్స్ జరగలేదు. బెర్లిన్‌లో సేబర్ అనే రకం కత్తి పోటీలో స్వర్ణం గెలిచిన ఎండ్రె కబోస్ అనే హంగరీ యూదుడు 1944లో బుడాపెస్ట్‌లోని మార్గరెట్ వంతెన పేలుడులో చనిపోయాడు. ఎలెక్ తండ్రి కూడా యూదుడే. యూదుల ప్రాణాలకే ముప్పున్న అలాంటి కాలం దాటి వచ్చి, 1948లో లండన్‌లో 41 ఏళ్ల వయసులో ఆమె మళ్లీ స్వర్ణం గెలిచారు. 1951లో ప్రపంచ చాంపియన్ అయ్యారు. 1952లో హెల్సింకీలో ఇటలీ అమ్మాయి ఐరీన్ కాంబర్‌తో సమంగా నిలిచి, విజేతను తేల్చడానికి పెట్టిన అదనపు బౌట్‌లో (పోరులో) ఓడి రజతం తీసుకున్నారు. అప్పటికి ఆమెకు 45.

అపోహ: కండబలం ఉన్నవాళ్లదే గెలుపు.

వాస్తవం: ఎలెక్ ఆడిన ఫాయిల్ అనే రకం కత్తి బరువు అర కిలోకి మించకూడదు. బలం కంటే దూరం అంచనా వేయడం, ఎదుటివాళ్ల కదలిక చదవడం ముఖ్యం. ఇవి ఏళ్లు గడిచేకొద్దీ పదునెక్కుతాయి. పైగా ఎలెక్‌ది ఎడమచేతి వాటం. కుడిచేత్తో ఆడే ఇద్దరు తలపడితే కత్తి ఎక్కువగా ఛాతీ వైపు వస్తుంది, దాన్ని పక్కకు కొట్టడం చేతికి అలవాటైపోతుంది. ఎడమచేతివాళ్లు ఎదురైతే అదే కత్తి కుడి చంక కింద పక్కటెముకల మీదకు వస్తుంది. అలవాటైన చెయ్యి అటు తిరిగేలోపే పాయింట్ పోతుంది. మా పిల్లలు ఇప్పటికీ ఇక్కడే తడబడతారు.

అపోహ: పొడిస్తే లైటు వెలుగుతుంది, ఇక గొడవేముంది?

వాస్తవం: కత్తి తగిలితే లైటు వెలిగించే కరెంటు పరికరం ఒలింపిక్స్‌లో ఫాయిల్‌కు వచ్చింది 1956లో. ఎలెక్ పతకాలన్నీ జడ్జీల కంటిచూపు మీదే తేలాయి.

అపోహ: 1936 మహిళల ఫాయిల్ అంటే హెలెన్ మేయర్ కథ.

వాస్తవం: తండ్రి యూదుడైనా జర్మనీ తరఫున ఆడి, పతక వేదిక మీద నాజీ సెల్యూట్ చేసిన మేయర్ గురించి చెప్పుకోవాల్సిందే. కానీ ఆమెకు వచ్చింది రజతం. ఆమెను దాటి స్వర్ణం గెలిచిన ఎలెక్ పేరు చాలామందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధనిపిస్తుంది.

అపోహ: మూడే ఒలింపిక్ పతకాలా? అంత గొప్పేముంది?

వాస్తవం: అప్పట్లో మగవాళ్లకు మూడు కత్తుల్లోనూ వ్యక్తిగత, టీమ్ పోటీలు ఉండేవి. ఆడవాళ్లకు వ్యక్తిగత ఫాయిల్ ఒక్కటే. టీమ్ ఫాయిల్ 1960లో, మూడో రకం కత్తి అయిన ఎపీ 1996లో, సేబర్ 2004లో వచ్చాయి. ఎలెక్ మూడు ఒలింపిక్స్ ఆడారు. ప్రతిసారీ ఉన్న ఆ ఒక్క పోటీలోనూ పతకం తెచ్చారు.