అగ్గితెగులుకు అంత బలం ఎక్కడిది?

కర్నూలు

పిల్లలూ,

దీపావళికి వచ్చినప్పుడు కేసీ కాలువ కింద మన మడిలో వరి ఆకు తుంచి చూపించారు. నూలుకండె ఆకారంలో మచ్చ, నడుమ బూడిద రంగు, అంచున గోధుమ రంగు. అది అగ్గితెగులు. కంటికి ఆనని శిలీంద్రానికి ఎకరాలకెకరాలు పాడుచేసే బలం ఎక్కడిదని అడిగారు. మంచి ప్రశ్న. ఫోన్లో సగం సగం చెప్పడం ఇష్టంలేక రాస్తున్నా.

దాని శాస్త్రీయ నామం మాగ్నపోర్తే ఒరైజే. చలి రాత్రుల్లో ఆకు మీద మంచు పట్టినప్పుడు దాని బీజం, అంటే విత్తనంలా మొలకెత్తే సన్నటి రేణువు, గాలికి వచ్చి వాలుతుంది. కొనలో ఉన్న జిగురుతో అతుక్కుని, గంట రెండు గంటల్లో మొలకెత్తుతుంది. ఆ మొలక చివర ఉబ్బి గుండ్రటి బుడిపె కడుతుంది. కథంతా ఆ బుడిపెలోనే ఉంది.

బుడిపె గోడలో మెలనిన్ అనే నల్లటి పొర ఏర్పడుతుంది. లోపల గ్లిసరాల్ అనే చిక్కటి ద్రవం పేరుకుంటుంది. బయటి నీరు ఆ పొర దాటి లోపలికి పోతుంది కానీ లోపలి గ్లిసరాల్ బయటికి రాలేదు. దాంతో ఒత్తిడి పెరిగి పెరిగి 80 అట్మాస్ఫియర్ల దాకా చేరుతుంది. మీ నాన్న బండి టైరులో ఉండే గాలి ఒత్తిడికి దాదాపు 40 రెట్లు! ఆ ఒత్తిడికి బుడిపె అడుగు నుంచి సన్నటి మొన ఆకు పైపొరను చీల్చుకుని దిగుతుంది.

ఇదంతా చేయించేది జన్యువులు. ఈ శిలీంద్రం జన్యుపటాన్ని 2005లో ప్రచురించారు. సుమారు 11 వేల జన్యువులు ఉన్నాయి. ఏది ఏ పని చేస్తుందో తెలియాలంటే ఒక్కోదాన్ని చెడగొట్టి చూడాలి. మెలనిన్ తయారీకి కావలసిన జన్యువు చెడితే శిలీంద్రం ల్యాబ్‌లో బాగానే పెరుగుతుంది, నల్లరంగు మాత్రం రాదు. ఆకును చీల్చలేదు. అదే ఆకుకు ముందే గాయం చేసి పెడితే ఆ దారిన దూరి తెగులు తెప్పిస్తుంది. అంటే లోపల బతకడం దానికి చేతనవును, లోపలికి పోవడమే చేతకాదు. ఇంకో జన్యువు ఉంది, పీఎంకే1. దాన్ని 1996లో తీసేసి చూశారు. బుడిపే కట్టలేదు. గాయం చేసినా తెగులు రాలేదు. ఆకు లోపల ఒక కణం నుంచి పక్క కణానికి పోవడానికి కూడా ఆ జన్యువే కావాలని 2018లో తేలింది. ఈ రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి ఆలోచించండి, నాకు ఎన్నిసార్లు చదివినా ముచ్చటేస్తుంది.

మనం కొట్టే ట్రైసైక్లజోల్ మందు కూడా ఆ మెలనిన్ తయారీనే అడ్డుకుంటుంది. అప్పటికే ఆకులోకి దిగిపోయిన దాన్ని పెద్దగా ఏమీ చేయలేదు. మచ్చలు ముదరకముందే కొట్టాలని రైతులు టెన్షన్ పడేది అందుకే.

లోపలికి దిగాక శిలీంద్రం చిన్న చిన్న ప్రోటీన్లు వదిలి మొక్క రక్షణ వ్యవస్థను అణచేస్తుంది. వాటిలో ఒకటి ఏవీఆర్-పిటా. అయితే కొన్ని వరి రకాల్లో పి-టా అనే జన్యువు ఉంటుంది, అది ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టేస్తుంది. వెంటనే తెగులు తగిలిన కణాలు తమంతట తామే చనిపోతాయి. శిలీంద్రం ఇక ముందుకు పోలేదు, ఆకు మీద చిన్న చుక్క మిగులుతుంది, అంతే. శిలీంద్రంలో ఒక జన్యువు, దానికి సరిజోడుగా మొక్కలో ఒక జన్యువు అన్న సంగతిని అమెరికాలో ఫ్లోర్ అనే శాస్త్రవేత్త 1940లలో అవిసె మొక్కల కుంకుమ తెగులు మీద పనిచేస్తూ బయటపెట్టాడు.

చిక్కు ఇక్కడే. ఏవీఆర్-పిటాను తయారుచేసే జన్యువు క్రోమోజోమ్ (జన్యువులు వరుసగా ఉండే పోగు) కొసన ఉంటుంది, అక్కడ మార్పులు తొందరగా జరుగుతాయి. ఆ జన్యువు ఊడిపోయిన బీజాన్ని వరి గుర్తుపట్టదు. ఊరంతా ఒకే రకం వేసుకుంటే ఆ బీజానికి ఎదురే ఉండదు, కొన్నేళ్లకే తట్టుకునే రకం కాస్తా తట్టుకోలేని రకం అవుతుంది. అందుకే ఒకే విత్తనంలో రెండు మూడు రక్షణ జన్యువులు కలుపుతున్నారు. అన్నిటినీ ఒకేసారి తప్పించుకోవడం శిలీంద్రానికి కష్టం. మనవాళ్లు ఇష్టంగా వేసే బీపీటీ 5204 వరి రకం అన్నానికి ఎంత బాగుంటుందో అగ్గితెగులుకు అంత తొందరగా లొంగుతుంది. అలాంటి రకానికి ఈ పని తప్పకుండా జరగాలని నా కోరిక.

మన మెట్ట పొలాల్లో కొర్రకు వచ్చే అగ్గితెగులు కూడా ఈ శిలీంద్రానిదే. కానీ కొర్ర మీద ఉండేది మామూలుగా వరికి అంటుకోదు. ఎందుకై ఉంటుందో పైన రాసినదాన్ని బట్టి ఆలోచించి, సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పండి.

మీ జేజినాయన