కాస్‌ప్లే ఫొటోషూట్: అద్దం ఒప్పుకుంటే సరిపోదు

కాస్‌ప్లే అంటే సినిమాల్లో, కామిక్స్‌లో, గేముల్లో ఉండే పాత్రల్లా వేషం వేసుకోవడం. అలా చేసేవాళ్లకు ఫొటోలు తీయడం నా పని. నెలల తరబడి కవచాలు కోసి, అతికించి, రంగులేసినవాళ్లు కూడా షూటింగ్‌కు ముందు చివరిగా సరిచూసుకునేది అద్దంలోనే. అద్దం ముందు నిటారుగా, కదలకుండా నిలబడతారు. షూటింగ్‌లో అలా నిలబడే ఫొటోలు మహా అయితే ఒకటో రెండో ఉంటాయి. నేను వినే అపోహల్లో చాలావరకు అక్కడే పుడతాయి.

అపోహ: దుస్తులు పూర్తయితే సన్నాహం పూర్తయినట్టే.

వాస్తవం: వాటిని వేసుకుని కూర్చోవాలి, మోకాలి మీద వంగాలి, మెట్లెక్కాలి, చేతులు పైకెత్తాలి. ఈవీఏ ఫోమ్ (తేలికైన, మెత్తని నురుగు పలక)తో చేసిన భుజకవచాన్ని ఛాతీ కవచానికి గట్టిగా అతికించేశారనుకోండి, కత్తి ఎత్తగానే అది చెంపకు తగిలి విగ్గును పక్కకు నెట్టేస్తుంది. సాగే పట్టీతో కట్టుకుంటే చేతితోపాటే కదులుతుంది. ఫోమ్‌కు వేడిగాలి పట్టించకుండా, వంగే గుణమున్న ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) పూయకుండా నేరుగా రంగేస్తే మడత పడే చోట పగుళ్లు వస్తాయి. హాట్ గ్లూతో అతికించినవాటిని ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, జిగురు మెత్తబడి ఊడిపోతాయి.

అపోహ: విగ్గును బాగా దువ్వుకుంటే చాలు.

వాస్తవం: సింథటిక్ విగ్గుకు ఫ్లాష్ తగిలితే ప్లాస్టిక్‌లా మెరుస్తుంది. డ్రై షాంపూ గానీ, కాస్త టాల్కం పౌడరు గానీ చల్లి బాగా దులిపితే ఆ మెరుపు తగ్గుతుంది. నల్ల విగ్గు మీద పౌడరు తెల్లగా మిగిలిపోతుంది కాబట్టి పొదుపుగా వాడండి. వేడి తట్టుకుంటుందని రాసి లేని విగ్గుకు జుట్టును నిటారుగా చేసే వేడి యంత్రం తగిలించారంటే పోగులు కరిగి ముద్దవుతాయి. ఇక మెడ వెనుక, చెవుల పక్కన అసలు జుట్టు తొంగిచూడటం అందరికీ కనిపిస్తుంది, పెట్టుకున్నవారికి తప్ప! వెనుక నుంచి ఎవరితోనైనా ఒక ఫొటో తీయించుకుంటే తెలిసిపోతుంది.

అపోహ: మేకప్ ఎంత దట్టంగా ఉంటే ఫొటో అంత బాగా వస్తుంది.

వాస్తవం: దట్టమా పలుచనా అన్నది తర్వాతి మాట, ముందు అందులో ఏముందో చూడాలి. ఎండ నుంచి కాపాడే ఫౌండేషన్లలో ఉండే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఫ్లాష్ వెలుగును వెనక్కి కొట్టి ముఖాన్ని పాలిపోయినట్టు చూపించగలవు. ముందురోజే చీకటి గదిలో ఫోను ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఒంటికి రంగు పూసుకునే పాత్రలైతే చెవులు, మెడ వెనుక భాగం, వేళ్ల సందులు మరవకండి. రంగు కాంటాక్ట్ లెన్సులు కంటి వైద్యుల కొలతతో తీసుకోవాలి, మేకప్‌కు ముందే పెట్టుకోవాలి. ఇంకొకరి లెన్సులు అరువు తీసుకోవడం మాత్రం అసలు వద్దు.

అపోహ: వెనుక దృశ్యం ఎంత మసకబారితే అంత గొప్ప ఫొటో.

వాస్తవం: మా ఫొటోగ్రాఫర్ల పిచ్చి ఇది. 85 మి.మీ. లెన్సును ఎఫ్/1.4 దగ్గర (అంటే లెన్సు రంధ్రాన్ని బాగా తెరిచి) పెట్టి దగ్గరి నుంచి తీస్తే కన్ను స్పష్టంగా ఉంటుంది, ముందుకు చాపిన కత్తి మసకలో కలిసిపోతుంది. అంత కష్టపడి చేసిన కత్తి కనిపించకపోతే ఏం లాభం? రంధ్రం చిన్నదై ఎక్కువ భాగం స్పష్టంగా వచ్చేలా ఎఫ్/5.6, ఆ పైన పెట్టమని అడగడానికి మొహమాటపడకండి. పాత్ర భంగిమల బొమ్మలు నాలుగైదు ముందే పంపితే ఏ లెన్సు తేవాలో మాకూ తెలుస్తుంది.

అపోహ: మిట్టమధ్యాహ్నం వెలుతురు బాగుంటుంది.

వాస్తవం: కళ్ల కింద నల్లని నీడలు పడతాయి. ఉదయమో సాయంత్రమో, మబ్బు పట్టిన రోజో మేలు.

అపోహ: మిగతావన్నీ ఎడిటింగ్‌లో సరిచేయవచ్చు.

వాస్తవం: మొటిమ తీసేయవచ్చు, మెరుపులు చేర్చవచ్చు. జారిన విగ్గును యాభై ఫొటోల్లో సరిచేయమంటే ఎవరూ ఒప్పుకోరు. పిన్నీసులు, రెండువైపులా అంటుకునే టేపు, సూపర్ గ్లూ, సూదీదారం సంచిలో వేసుకోండి. ఇవి పట్టుకుని, ప్రతి భంగిమకూ ముందు మిమ్మల్ని సరిచూసే స్నేహితులొకరు వెంట ఉంటే ఇంకా మంచిది.

అపోహ: బొమ్మ ఆయుధమే కదా, అనుమతి దేనికి?

వాస్తవం: అది ఫోమ్ తుపాకీ అని దూరం నుంచి చూసేవారికి తెలియదు. స్థల యజమానికి, కాపలా సిబ్బందికి ముందుగా చెప్పండి. దారి పొడవునా ఆయుధాన్ని సంచిలోనే ఉంచి, కెమెరా సిద్ధమయ్యాకే బయటకు తీయండి.