ఊరి కళలకు మున్సిపాలిటీ ప్రణాళిక: అపోహలు - వాస్తవాలు

మున్సిపాలిటీలతో, పంచాయతీలతో కూర్చుని వాళ్ల ఊరి కళలకు ఏడాది ప్రణాళిక రాయించడం నా పని. పన్నెండేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఊరు మారినా మొదటి పది నిమిషాల్లో వినిపించే మాటలు మాత్రం మారవు. వాటిని నిజమనుకుని, చెయ్యాలన్న మనసున్న కమిషనర్లు, సర్పంచులు కూడా వెనక్కి తగ్గడం చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కళలు మా పని కాదు, సాంస్కృతిక శాఖ చూసుకుంటుంది.

వాస్తవం: రోడ్లు, మంచినీళ్లు ఏ జాబితాలో ఉన్నాయో సంస్కృతి కూడా అదే జాబితాలో ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాంతో వచ్చిన 12వ షెడ్యూలులో పట్టణాలకు 18 అంశాలు రాశారు. 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం. పల్లెలకు 11వ షెడ్యూలులో 29 అంశాలుంటే, 20వది గ్రంథాలయాలు, 21వది సాంస్కృతిక కార్యక్రమాలు. వీటిలో ఏది ఎంతవరకు స్థానిక సంస్థలకు అప్పగించాలన్నది రాష్ట్ర చట్టాల చేతిలో ఉంటుంది, అదీ నిజమే. కానీ రాజధానిలో ఉన్న శాఖకు మీ మూడో వార్డులో కోలాటం నేర్చుకునే ఆడవాళ్ల వీధిలో లైటు వెలుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? అది తెలిసింది మీకే.

అపోహ: చెయ్యాలనే ఉంది, డబ్బుల్లేవు.

వాస్తవం: డబ్బు తక్కువే. అసలే లేదన్నది మాత్రం సరికాదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాలని కట్టేశారు. మిగతా 40 శాతాన్ని జీతాలకు, ఆఫీసు ఖర్చులకు తప్ప 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో దేనికైనా, ఊరి అవసరాన్నిబట్టి వాడుకోవచ్చన్నారు. ఆ 29లో 21వది ఏమిటో పైనే చెప్పాను. ఆ పద్దు కింద డప్పు దళానికి ఒక గది బాగుచేయించిన పంచాయతీలు ఎన్ని ఉంటాయి? అడిగినవాళ్లు లేరు కాబట్టి రాసినవాళ్లూ లేరు.

ఇంకో మాట. ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం ఎప్పట్నుంచో కడుతున్నాం. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరుతుంది. శాఖా గ్రంథాలయం సాయంత్రం మూతపడ్డాక ఆ హాలు ఖాళీగా ఉండే ఊళ్లున్నాయి. తాళంచెవి ఎవరి దగ్గరుండాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అన్న రెండు ప్రశ్నలు తేల్చుకుంటే, కొత్తగా ఇటుక పేర్చకుండానే సాధనకు ఒక చోటు దొరుకుతుంది.

అపోహ: మంచి ఆడిటోరియం కడితే కళలు వాటంతటవే బతుకుతాయి.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ అపోహే. కట్టడం పూర్తయిన రోజే పని కూడా పూర్తయిందని అందరూ అనుకుంటారు మరి.

ఆడిటోరియాలు వద్దని నేననను. హైదరాబాదుకు 1961 నుంచి రవీంద్రభారతి ఉంది, విజయవాడలో కార్పొరేషన్‌కు తుమ్మలపల్లి కళాక్షేత్రం ఉంది. నాటకానికి, కూచిపూడికి, కచేరీకి అవి కావాలి. కానీ మన కళల్లో చాలావాటికి కావలసింది అది కాదు.

డప్పు తీసుకోండి. తోలు కాస్త చెమ్మగిల్లినా మోత మొద్దుబారుతుంది. వాయించే ముందు మంట పెట్టి డప్పు కాచుకోవాలి. సిర్రతో, అంటే డప్పు వాయించే పుల్లతో, ఒక దెబ్బ కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్లీ మంట మీద తిప్పుతారు. ఒక పట్టణంలో కొత్తగా కట్టిన ఏసీ హాల్లో ప్రదర్శన పెట్టారు. దళం హాలు వెనక నాలుగు కాగితాలు, కాస్త ఎండుగడ్డి వెలిగించుకోగానే సెక్యూరిటీ మనిషి పరుగున వచ్చి నీళ్లు పోశాడు. అగ్నిప్రమాదం భయం అతనిది, అతన్ని తప్పుపట్టలేను. ఆ రోజు డప్పు మోగలేదు. ముందు వరసలో కూర్చున్న పెద్దలు మర్యాదకు చప్పట్లు కొట్టారు. దళం పెద్ద మాత్రం వెళ్లేటప్పుడు నా మొహం చూడలేదు. వెనక ఇసుక పోసిన ఒక మూల, ఒక నీళ్ల బకెట్టు ఉంటే సరిపోయేది. ఆ హాలు నక్షా గీసినప్పుడు దళాన్ని ఎవరూ పిలిచి అడగలేదు.

తోలుబొమ్మలాట సంగతి మరీను. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తయారయ్యే బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఇంత గౌరవం ఉన్న ఆటను ఒకచోట సాయంత్రం ఐదింటికి పెట్టారు, ముఖ్య అతిథికి ఆరింటికి ఇంకో సభ ఉందని. తెల్లటి తెర కట్టి, వెనక దీపం పెట్టి, దాని మీద రంగులు ఆడాల్సిన ఆట అది. వెలుతురులో తెర తెరలాగే కనిపించింది. రాముడూ లేడు, కేతిగాడూ లేడు, బంగారక్కా లేదు. మరుసటి ఏడు రాత్రి ఎనిమిదింటికి మార్పించాం. అప్పుడు కూడలిలోని హైమాస్ట్ లైటు అడ్డొచ్చింది. దాని స్విచ్చు పెట్టె తాళం ఎలక్ట్రికల్ సెక్షన్‌లో ఒక్క లైన్‌మన్ దగ్గరే ఉంది, ఆయన ఆ రోజు సెలవు. ఇప్పుడు నేను రాయించే ప్రతి ప్రణాళికలో ఆ తాళానికి ఒక వరస ఉంటుంది.

ఒగ్గుకథకు చుట్టూ జనం కూర్చునే నేల కావాలి. మల్లన్న పట్నం, అంటే రంగు పొడులతో నేల మీద వేసే ముగ్గు, వెయ్యాలంటే కార్పెట్ పనికిరాదు. సురభివాళ్లకేమో ఇందుకు పూర్తిగా విరుద్ధం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ నాటక సమాజానికి లోతైన స్టేజీ, తీగల మీద మనిషిని గాల్లో నడిపించేంత ఎత్తు కావాలి. ఒకే హాలు వీళ్లందరికీ సరిపోదు. అందుకే ముందు కళలను లెక్కపెట్టాలి, తర్వాతే గోడలు.

అపోహ: మా ఊళ్లో ఎవరెవరు కళాకారులున్నారో మాకు తెలుసు.

వాస్తవం: మీకు తెలిసింది వేదిక ఎక్కినవాళ్లు. కేంద్ర సాంస్కృతిక శాఖ ‘మేరా గావ్ మేరీ ధరోహర్’ పేరుతో ఊరూరా కళలు, చేతిపనులు, వంటకాలు, జాతరల వివరాలు ఆన్‌లైన్‌లో పెడుతోంది. మీ ఊరి పేజీ తెరిచి చూడండి, అంతకంటే మంచి మొదటి మెట్టు లేదు. చాలా ఊళ్లకు నాలుగైదు వాక్యాలకు మించి ఉండదు. మిగతాది మీరే పూరించుకోవాలి.

ఎవరు జారిపోతారో అనుభవంతో చెబుతాను. సంచార కులాలవాళ్లు: బుడగ జంగాలు, హరిదాసులు, గంగిరెద్దులవాళ్లు. వీళ్లు ఎక్కువగా వార్డు సభల రోజున ఊళ్లో ఉండరు. పీర్ల పండుగకు వాయించేవాళ్లు, ఆడేవాళ్లు. పెళ్లిళ్లలో, నాట్లప్పుడు పాడే ముసలమ్మలు, వాళ్లను ఎవరూ కళాకారులనరు, వాళ్లూ అనుకోరు. ఒకామె నాతో ‘నాదేం కళ బిడ్డా, నాటు పాట’ అని, తర్వాత రెండు గంటలు పాడింది.

తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలుంటాయి: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు. ఒక్కో కమిటీకి పదిహేను మంది. లెక్కతీయడానికి ఇంతకంటే మంచి మనుషులు దొరకరు. సమావేశం మాత్రం పనిరోజు పదకొండింటికి పెట్టకండి. కూలికి పోయే కళాకారుడు ఆ రోజు కూలి వదులుకుని రాడు.

అపోహ: కళాకారులు సేవాభావంతో చేస్తారు, శాలువా కప్పితే సంతోషిస్తారు.

వాస్తవం: గౌరవానికి శాలువా సంతోషమే. ఎనిమిది మంది దళం ఆటో మాట్లాడుకుని వచ్చి, రాత్రి తిని, తిరిగి వెళ్లాలి. ఆ ఖర్చు ముందే పెట్టుకుంటారు, ఎక్కువసార్లు అప్పు తెచ్చి. నాకు తెలిసిన ఒక దళానికి ఉగాది ప్రదర్శన డబ్బు దసరాకు వచ్చింది. ఎవరూ కావాలని ఆపలేదు. ఫైలు అకౌంట్స్‌కు వెళ్తే, సిమెంటు పనికి అడిగినట్టే కొటేషన్లు అడిగారు. బుర్రకథకు మూడు కొటేషన్లు ఎక్కణ్నుంచి తెస్తారు? ఏడాది మొదట్లోనే కళారూపాలవారీగా రేట్లు కౌన్సిల్‌లో తీర్మానం చేయించి, సగం అడ్వాన్సుగా ఇవ్వండి. రేటు రాసేటప్పుడు దారి ఖర్చు విడిగా రాయండి, లేకపోతే దూరం నుంచి వచ్చిన దళమే నష్టపోతుంది.

‘జీఎస్టీ బిల్లు తెస్తేనే చెక్కు’ అని దళాన్ని తిప్పి పంపడం కూడా చూశాను. జానపద, శాస్త్రీయ సంగీతం, నృత్యం, నాటకం ప్రదర్శించే కళాకారుడికి ఒక ప్రదర్శనకిచ్చే పారితోషికం లక్షన్నర రూపాయలు దాటనంతవరకు జీఎస్టీ మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు ఉత్తర్వు కాపీ ఒకటి అకౌంట్స్ గదిలో గోడకు అంటించండి.

అపోహ: రాత్రి పది దాటితే మైకు పెట్టనివ్వరు, కాబట్టి రాత్రి ఆటలు కుదరవు.

వాస్తవం: 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లను ఆపుతాయి. వాటిలోనే, సాంస్కృతిక, మతపరమైన పండుగ సందర్భాల్లో ఏడాదికి 15 రోజులు మించకుండా రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చని కూడా ఉంది. మీ జాతర రోజులు ఆ లెక్కలోకి రావాలంటే ముందుగా రాసి పంపాలి. పోస్టర్లు అచ్చయ్యాక పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తితే లాభం లేదు.

అపోహ: ప్రణాళిక ఎప్పుడైనా రాసుకోవచ్చు, తొందరేముంది.

వాస్తవం: పంచాయతీల వార్షిక ప్రణాళికల ప్రచారం అక్టోబరు 2న మొదలవడం 2018 నుంచి ఆనవాయితీ. దసరా కూడా ఎక్కువ ఏళ్లలో ఆ నెలలోనే వస్తుంది. అంటే గ్రామసభ కూర్చునే సమయానికి డప్పులు, కోలాటాలు, భజన బృందాలు అన్నీ బయటి ఊళ్లలో ఉంటాయి. అందుకే నేను వినాయక నిమజ్జనం అయిన వారంలోనే, చీకటి పడ్డాక, స్కూల్ వరండాలో కూర్చోబెడతాను. మున్సిపాలిటీలైతే బడ్జెట్ ముసాయిదా తయారయ్యేలోపు, డిసెంబరుకే జాబితా అకౌంట్స్ చేతికి అందాలి. ఈ ఏడు మేం మొదలుపెట్టబోయే ఊళ్లో దళాల పెద్దలకు ఫోన్లు చేయడం అయింది. ఇద్దరు నంబర్లు మార్చారు, వాళ్ల ఇళ్లకు రేపు వెళ్తున్నాం.