చంకలో తువ్వాలు

చిన్నీ, బాబీ,

మీరు బస్సెక్కాక ఇల్లు బోసిపోయింది. ఆ రాత్రి మనం ముగ్గురం చూసిన ‘డాక్టర్ హూ’ అనే ఇంగ్లీషు సీరియల్ కథ ఇంకా నన్ను వదల్లేదు. సగంలో బాబీ అడిగాడు, ‘తాతయ్యా, ఆ బానిసలు అంతమంది ఉన్నారు కదా, ఎందుకు పడుంటున్నారు?’ అని. నిద్రొస్తోందని దాటేశాను. నిద్ర కాదు నాన్నా. చెప్పాల్సింది చాలా ఉంది, అందుకే ఈ ఉత్తరం.

ఆ కథ పేరు ‘ప్లానెట్ ఆఫ్ ది ఊడ్’, బీబీసీలో 2008 ఏప్రిల్ 19న వచ్చింది. కథ జరిగేది 4126లో, మంచు కప్పిన గ్రహం మీద. ఊడ్ అనే ఆ ప్రాణికి తలలో ఒక మెదడు, చేతిలో ఒక మెదడు. జ్ఞాపకాలూ మనసూ చేతిలో ఉన్నదాంట్లోనే. పిట్టపిల్లను పట్టుకున్నట్టు దాన్ని రెండు చేతుల్లో పొదువుకుని బతకాలి. అలా పుట్టినవాడు ఎవరిమీద చెయ్యెత్తుతాడు? ఎదుటివాణ్ణి నమ్మక తప్పదు. వాళ్ళను బానిసలుగా అమ్ముకునే కంపెనీవాళ్ళు ఆ మెదడు కోసేసి, మాట్లాడినప్పుడు వెలిగే తెల్లటి ఉండ ఒకటి తగిలించారు. ఊడ్‌లందరినీ కలిపే పెద్ద మెదడును గిడ్డంగిలో పెట్టి చుట్టూ కరెంటు కంచె వేశారు. ఇంత చేసి, కొనేవాళ్ళతో ‘సేవ చెయ్యడమంటే వీళ్ళకు ఇష్టం’ అని చెప్పుకున్నారు.

ఆ మాట నేను మనింట్లోనే విన్నాను.

నా ఎనిమిదో ఏట మాకు ఏడాది పాలేరు ఉండేవాడు. కూతురి పెళ్ళికి మా నాన్న దగ్గర అప్పు తీసుకున్నాడు. ఏటా జీతం ధాన్యంలో కొంత మినహాయించుకుంటున్నా ఆ అప్పు తరిగేది కాదు. తెల్లారకముందే పశువుల సావిడి ఊడ్చి, పేడ తీసి, కుడితి పెట్టాలి. దాళ్వా రోజుల్లో రాత్రిళ్ళు బోదె గట్టు మీద నీళ్ళకు కాపలా. మధ్యాహ్నం గాబు పక్కన కూర్చుని సత్తు గిన్నెలో గంజన్నం తినేవాడు. మా నాన్న కనబడితే భుజం మీది తువ్వాలు చంకలోకి దిగేది. ఆ వయసు మనిషిని నేను ‘ఏరా’ అని పిలిచేవాణ్ణి. ‘వాడికి మన ఇల్లంటే ప్రాణం, పొమ్మన్నా పోడు’ అనేది మా నాయనమ్మ. నేను నమ్మాను.

1976లో పార్లమెంటు వెట్టిచాకిరీ రద్దు చట్టం చేసింది. అలాంటి అప్పులు ఇక తీర్చక్కర్లేదు. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను, పేపర్లో చదివాను. మా నాన్న ఆయనకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఎందుకు పడున్నాడంటే, బాబీ, అందులో ఒక కారణం నేను.

ఎప్పటి సంగతో అనుకోకండి. కథలో, కాలాల మధ్య తిరిగే డాక్టర్‌తో వెళ్ళిన మన కాలపు మనిషి డోనా, నాకు బానిసలెవరూ లేరని అంటే, నీ బట్టలు ఎవరు కుట్టారనుకుంటున్నావని అతను అడుగుతాడు. ఆమెకు కోపమొస్తుంది. మనం పళ్ళెం నిండా తిన్న రొయ్యల వేపుడు గుర్తుందా? రొయ్యల షెడ్లలో ఐసు నీళ్ళల్లో చేతులు పెట్టి పొట్టు తీసేది ఆడవాళ్ళే. మన వీధిలోంచి తెల్లవారుజామునే ఆటో ఎక్కి వెళ్తారు. ఒకామె వేళ్ళు చూశాను, కొసలు తెల్లగా పాలిపోయి ముడతలు పడి ఉన్నాయి. కిలోకి ఎంతిస్తున్నారని ఈసారి మీరే అడగండి.

డాక్టర్ ఊడ్‌లను అంతకు ముందు 2006లో వచ్చిన కథలో కూడా కలిశాడు. అప్పుడు వాళ్ళను చావుకు వదిలేశాడు, వాళ్ళెవరని అడగలేదు. ఈసారి ఆ బాకీ ఒప్పుకుని, కంచె ఆపేసి, వాళ్ళ పాట లోకాలన్నీ వినేలా చేసి వెళ్తాడు.

నేను అంత చెయ్యలేకపోయాను. ఆ పాలేరాయన పోయే ముందు ఏడాది, ఏటి మధ్య లంకలో కొడుకు ఇంట్లో ఉన్నారని తెలిసి వెళ్ళాను. ‘చట్టం సంగతి నాకప్పుడే తెలుసండీ, మీకు చెప్పలేదు’ అన్నాను. ఏమీ అనలేదు. కాసేపు నన్నే చూశారు. నేను లేస్తుంటే ఆయనా మంచం మీంచి లేవబోయి, తలకింద తడుముకుని తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నారు.

మీ
తాతయ్య