పులిట్జర్ ఉన్నా నిలవని కొలువు: ఆన్ టెల్నెస్ రాజీనామా వెనుక కథ

2025 జనవరి 3న వాషింగ్టన్ పోస్ట్ సంపాదకీయ కార్టూనిస్టు ఆన్ టెల్నెస్ ఆ పత్రికకు రాజీనామా చేశారు. పత్రిక యజమాని, అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్‌తో పాటు మెటా అధిపతి జుకర్‌బర్గ్, ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ వంటి సంపన్నులు ట్రంప్ విగ్రహం ముందు మోకరిల్లి డబ్బు సంచులు సమర్పిస్తున్నట్టు, ఏబీసీ చానల్ యజమాని డిస్నీకి గుర్తుగా మిక్కీ మౌస్ సాగిలపడినట్టు ఆమె గీసిన చిత్తు బొమ్మను సంపాదకుడు తిప్పి పంపడమే ఇందుకు కారణం. ఆ బొమ్మ గాలిలోంచి పుట్టింది కాదు. ట్రంప్ రెండోసారి గెలిచాక ఆయన ప్రమాణ స్వీకార వేడుకల నిధికి అమెజాన్, మెటా, ఆల్ట్‌మన్ తలా 10 లక్షల డాలర్లు ప్రకటించారు. ట్రంప్ వేసిన పరువునష్టం దావాను పరిష్కరించుకోవడానికి ఏబీసీ 2024 డిసెంబరులో కోటీ 50 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.

అప్పటి అభిప్రాయ విభాగం సంపాదకుడు డేవిడ్ షిప్లీ ఇచ్చిన వివరణ వేరు. అదే విషయం మీద ఒక వ్యాసం అప్పటికే వచ్చిందని, మరొకటి ప్రచురణకు సిద్ధంగా ఉందని, పునరుక్తి వద్దనుకోవడం తప్ప మరో ఉద్దేశం లేదని ఆయన అన్నారు. తన బొమ్మలు తిరిగి రావడం, మార్పులు అడగడం మామూలేనని, ఎవరి మీద గీశానన్న కారణంతో బొమ్మ ఆగిపోవడం మాత్రం ఇదే మొదటిసారని టెల్నెస్ రాశారు. ఒకే పరిణామం మీద రెండు వ్యాసాలూ ఒక కార్టూనూ రావడం ఏ పత్రికకూ కొత్త కాదు కనుక షిప్లీ వాదన బలహీనంగానే కనిపిస్తుంది. పైగా అంతకు రెండు నెలలకు పైగా ముందు, 2024 అక్టోబరులో, అధ్యక్ష ఎన్నికల్లో ఎవరినీ బలపరచకూడదని పోస్ట్ నిర్ణయించినప్పుడు రెండున్నర లక్షల మందికి పైగా చందాదారులు పత్రికను వదులుకున్నారు. యజమాని నీడ సంపాదకీయ పుటల మీద పడుతోందన్న అనుమానం ఆనాటికే పాఠకుల్లో ఉంది.

టెల్నెస్ 1960లో స్టాక్‌హోమ్‌లో పుట్టారు. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో యానిమేషన్ చదివి, డిస్నీ సంస్థలో పనిచేశారు. అప్పటివరకు రాజకీయాలు పెద్దగా పట్టని ఆమెను 1989లో చైనా సైన్యం ప్రజాస్వామ్య ఉద్యమకారులను అణచివేసినప్పుడు టీవీలో చూసిన తియానన్‌మెన్ చౌక్ దృశ్యాలు, 1991లో సుప్రీంకోర్టుకు ప్రతిపాదితుడైన క్లారెన్స్ థామస్‌ లైంగిక వేధింపుల గురించి సెనేట్ కమిటీ ముందు అనితా హిల్ ఇచ్చిన సాక్ష్యం కార్టూన్ల వైపు మళ్లించాయి. ఏ పత్రికలోనూ ఉద్యోగం లేకుండా, బొమ్మలను అనేక పత్రికలకు అమ్మిపెట్టే సిండికేట్ ద్వారా పంపుతూనే 2001లో అమెరికా పాత్రికేయంలో అత్యున్నత బహుమతిగా పేరున్న పులిట్జర్ అందుకున్నారు. సంపాదకీయ కార్టూన్లకు ఆ బహుమతి పొందిన మహిళల్లో, 1992లో గెలిచిన సిగ్నీ విల్కిన్సన్ తర్వాత, ఆమె రెండోవారు. 2008 నుంచి వాషింగ్టన్ పోస్ట్‌కు కదిలే కార్టూన్లు చేశారు. డిస్నీలో నేర్చిన విద్య అక్కడ అక్కరకొచ్చింది.

ఆమెకూ పత్రికకూ మధ్య అంతకు ముందు పొరపొచ్చాలు లేవని కాదు. 2015 డిసెంబరులో సెనేటర్ టెడ్ క్రూజ్ తన ఎన్నికల ప్రచార వీడియోలో చిన్న కూతుళ్లను వాడుకున్నందుకు, ఆయనను కోతులాడించేవాడిగా, పిల్లలను గొలుసు కట్టిన కోతులుగా ఆమె చూపారు. పిల్లల జోలికి పోకూడదన్నది తమ విధానమంటూ అప్పటి సంపాదకుడు ఫ్రెడ్ హయాట్ దాన్ని తొలగించారు. ఆ రోజు సంపాదకుడి వైపే న్యాయం ఉందని చెప్పక తప్పదు. బొమ్మను ఆపే హక్కు సంపాదకుడికి ఉండాలా వద్దా అన్నది అసలు వివాదమే కాదు. ఆ హక్కును ఎవరి కోసం వాడుతున్నారన్నదే వివాదం.

ఇదే పత్రికలో ఈ ప్రశ్న 1952లోనే ఎదురైంది. 1946 నుంచి 2001లో చనిపోయేదాకా పోస్ట్‌కు బొమ్మలు గీసిన హెర్బర్ట్ బ్లాక్‌కు, అంటే పాఠకులు ఎరిగిన హెర్‌బ్లాక్‌కు, అప్పటికి ఒక పులిట్జర్ ఉంది. సెనేటర్ మెకార్థీ పేరు మీద, ఆధారాల్లేకుండా కమ్యూనిస్టు ముద్ర వేసి వేధించే ధోరణికి 1950లో ‘మెకార్థీయిజం’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది ఆయన కార్టూనే. 1952 అధ్యక్ష ఎన్నికల్లో పత్రిక రిపబ్లికన్ అభ్యర్థి ఐసెన్‌హోవర్‌ను బలపరిస్తే హెర్‌బ్లాక్ డెమొక్రాట్ అభ్యర్థి స్టీవెన్‌సన్ పక్షాన నిలిచారు. ప్రచారం చివరి రోజుల్లో ప్రచురణకర్త ఫిలిప్ గ్రాహమ్ ఆయన బొమ్మలను పోస్ట్‌లో ఆపివేశారు. అవే బొమ్మలు సిండికేట్ ద్వారా ఇతర ఊళ్ల పత్రికల్లో రోజూ వస్తూ ఉండడంతో, సొంత పాఠకులకు మాత్రమే తమ కార్టూనిస్టును చూపించని పత్రికగా పోస్ట్ నవ్వులపాలైంది. ఎన్నికలయ్యాక బొమ్మలు తిరిగి వచ్చాయి. పత్రిక వైఖరితో పొత్తు లేకుండా గీసుకునే స్వేచ్ఛ ఆయనకు దక్కింది. రోజూ నాలుగైదు చిత్తు బొమ్మలు చేతపట్టుకొని విలేకరుల బల్లల దగ్గరికి వెళ్లి ఏది తగులుతోందో అడిగేవారు తప్ప, ఏది వేయాలన్న తుది మాట ఆయనదే. 1954లో అప్పటి ఉపాధ్యక్షుడు నిక్సన్‌ను మురుగు కాలువలోంచి పైకి వస్తున్నట్టు గీసింది ఈ స్వేచ్ఛతోనే. 1954, 1979లలో మరో రెండు పులిట్జర్లు వచ్చాయి.

హెర్‌బ్లాక్ గెలిచింది ఆయన పేరుప్రతిష్ఠల వల్లే అనుకుంటే పొరపాటు. ఆనాడు ఆయన బొమ్మను కొనే పత్రికలు దేశమంతా ఉన్నాయి. ఆపిన పత్రికే నష్టపోయేది. ఆ బేరబలం ఇప్పుడు కార్టూనిస్టు చేతిలో లేదు. హెర్బ్ బ్లాక్ ఫౌండేషన్ 2011లో వెలువరించిన నివేదిక ప్రకారం, 20వ శతాబ్దం మొదట్లో అమెరికా పత్రికల్లో దాదాపు 2,000 మంది సంపాదకీయ కార్టూనిస్టులు ఉద్యోగాల్లో ఉండగా, 2011 నాటికి వారి సంఖ్య 40కి లోపే. 2018లో పిట్స్‌బర్గ్ పోస్ట్-గెజెట్, ట్రంప్ మీద గీసిన బొమ్మలను వరుసగా తిరస్కరించి, 25 ఏళ్లుగా పనిచేస్తున్న రాబ్ రోజర్స్‌ను తొలగించింది. ఒక కార్టూన్‌పై యూదు వ్యతిరేకత ఆరోపణలు వచ్చాక, న్యూయార్క్ టైమ్స్ అంతర్జాతీయ ప్రతి 2019 జులై నుంచి రోజువారీ రాజకీయ కార్టూన్లనే మానుకుంది. 2023 జులైలో అనేక పత్రికలు నడిపే మెక్లాచీ సంస్థ జాక్ ఓమన్, జోయెల్ పెట్, కెవిన్ సియర్స్‌లను ఒకే రోజున ఇంటికి పంపింది. ముగ్గురూ పులిట్జర్ విజేతలే.

బహుమతి సైతం రూపు మార్చుకుంది. 1922లో న్యూయార్క్ వరల్డ్‌కు చెందిన రోలిన్ కిర్బీతో మొదలైన సంపాదకీయ కార్టూన్ల పులిట్జర్‌ను 2021లో ఎవరికీ ఇవ్వలేదు. మరుసటి ఏడాది దాని పేరు తీసేసి ‘సచిత్ర కథనం, వ్యాఖ్యానం’ విభాగంగా విస్తరించారు. టెల్నెస్ రాజీనామా చేసిన మరుసటి నెలలోనే, అభిప్రాయ పుటలు ఇకపై వ్యక్తిగత స్వేచ్ఛ, స్వేచ్ఛా విపణి అన్న రెండు అంశాలను సమర్థిస్తూ నడుస్తాయని బెజోస్ ప్రకటించారు. షిప్లీ పదవి వదిలి వెళ్లారు. 2025 మే 5న ‘సచిత్ర కథనం, వ్యాఖ్యానం’ విభాగంలో పులిట్జర్‌ను టెల్నెస్‌కే ప్రకటిస్తూ, ఆమెను పత్రికకు దూరం చేసిన నిర్భయత్వాన్ని కూడా ప్రశంసా వాక్యంలో చేర్చారు. విజేతల జాబితాలో ఆమె పేరు పక్కన ఉన్నది మాత్రం వాషింగ్టన్ పోస్టే. బహుమతికి ఎంచిన బొమ్మలు అందులో అచ్చయినవి కాబట్టి.