పదో తరగతి తరువాత ఐటీఐకి వెళ్దామనుకునే పిల్లలకు

పిల్లలూ,

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "వీడికి చదువు అబ్బలేదు, ఐటీఐలో చేర్పిద్దాం." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇనుప భాగాలను కొలతకు సరిచేసి అమర్చే ఫిట్టర్ ట్రేడులో రెండేళ్లంటే ఏమిటో తెలిసినవాళ్లు అలా అనరు. మొదట్లో చేయించేది దాదాపు ఒకటే పని: ఇనుప ముక్కను వైస్‌లో బిగించి ఆకురాయితో చదును చేయడం. ఆకురాయి పళ్లలో రజను ఇరుక్కోకుండా సుద్ద రుద్దుతారు. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తినప్పుడు సందులోంచి సన్నని గీత కనిపించిందా, మళ్లీ మొదటికే. అరచేతులు బొబ్బలెక్కుతాయి. మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా కూడా తేడాయేనని ఒంటికి పట్టేది అక్కడే.

ఈ శిక్షణ పథకాన్ని కేంద్రం 1950లో మొదలుపెట్టింది. అయితే ఐటీఐ షెడ్డులో ముక్క చెడితే ఇంకొకటి ఇస్తారు. ఫ్యాక్టరీలో చెడితే సరుకే ఆగిపోతుంది. ముక్క చెడకుండా చూసుకునే అలవాటు పని జరిగే చోటే రావాలి. అందుకే సంస్థలో పనిచేస్తూ నేర్చుకునేవాళ్ల కోసం 1961లో అప్రెంటిస్ చట్టం తెచ్చారు. ఇప్పటి నిబంధనల ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థలు, కాంట్రాక్టు వాళ్లను కూడా లెక్కలో కలిపి, సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి, స్టైపెండు ఇవ్వాలి. కానీ శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. ఉద్యోగం ఖాయమని డబ్బు అడిగే ఏజెంటును గడప తొక్కనివ్వకండి.

2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చాక కొద్ది నెలల్లో ముగిసే కోర్సులు పెరిగాయి. పని వచ్చినా కాగితం లేని మేస్త్రీకి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇవ్వడం అందులో నాకు నచ్చిన భాగం. ఏమీ రాని పదహారేళ్ల పిల్లవాడికి మూడు నెలల్లో పనితనం వస్తుందంటే మాత్రం నమ్మను. ప్రభుత్వాలకు ఈ పొట్టి కోర్సులు ముద్దు: ఎందరికి శిక్షణ ఇచ్చామో ఏడాది తిరక్కుండా లెక్క చూపవచ్చు. వాళ్లలో ఎందరు అదే పనిలో నిలిచారని అడిగేవారు తక్కువ.

తెలంగాణలో 2024 నుంచి 65 ఐటీఐలను కొత్త యంత్రాలుండే అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. మంచిదే. కానీ యంత్రం వచ్చినా నేర్పే ఇన్‌స్ట్రక్టరు లేకపోతే అది టార్పాలిన్ కప్పుకుని మూల కూర్చుంటుంది.

అందుకే చేరే ముందు వర్క్‌షాపు వేళలో వెళ్లి చూడండి. లేతు యంత్రం తిరుగుతోందా? మీ ట్రేడుకు ఇన్‌స్ట్రక్టరు ఉన్నారా? గత బ్యాచి పిల్లల్ని ఏ కంపెనీలు అప్రెంటిస్‌లుగా తీసుకున్నాయి? ఆఫీసులో కాదు, రెండో ఏడాది పిల్లల్నే అడగండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య