ఈకలో ప్రోటీన్ ఉంది, కోడి కడుపుకే అందదు

ఆదివారం మధ్యాహ్నానికి శ్రీకాకుళం చికెన్ షాపుల వెనక డ్రమ్ములు నిండిపోతాయి. కోడి బరువులో ఈకలు సుమారు 5 నుంచి 7 శాతం. రెండేసి కిలోల కోళ్లు 50 కోస్తే 5 నుంచి 7 కిలోల ఈకలన్నమాట. అవి గెడ్డల్లోనో, చెరువు గట్ల మీదో పడితే మాత్రం నాకు మనసొప్పదు. ఆరిన ఈకలో 80 శాతానికి పైగా ప్రోటీనే మరి. కోళ్ల దాణాలో వాడే సోయా చెక్కలో అది 50 శాతం లోపే.

అలాగని ఈకల్ని ఎండబెట్టి, పొడికొట్టి దాణాలో కలిపేస్తే లాభం లేదు. తిన్నదాంట్లో చాలావరకు రెట్టలో పోతుంది. ఈకలోని ప్రోటీన్ పేరు కెరటిన్. దాని గొలుసుల్లో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం బాగా ఎక్కువ. ఆ సిస్టీన్లు గంధకపు బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. జీర్ణరసాలకు లోపలికి దారే దొరకదు.

ఆ పట్టు విడిపించేది ఆవిరి. పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి పాత్రలో 130 నుంచి 145 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట ఉడికించి, ఆరబెట్టి పొడి చేస్తారు. ఉడుకు చాలకపోతే అరగదు. మితిమీరితే సిస్టీన్ పాడై, పశువుకు పెద్దగా పనికిరాని లాంథియోనిన్‌గా మారుతుంది. బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బ్యాక్టీరియా తయారుచేసే కెరటినేజ్ ఎంజైము తక్కువ వేడిలోనే కెరటిన్‌ను విడగొడుతుంది. నా ఆశ ఎక్కువగా దీనిమీదే. కాకపోతే రోగక్రిములు చావాలంటే వేడి ఎలాగూ తప్పదు.

ఎంత బాగా చేసినా ఈ పొడిలో లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువే. కాబట్టి భోగాపురం, పూసపాటిరేగ వైపు వనామి రొయ్యల చెరువుల మేతలో చేపపొడికి బదులు కొంత భాగమే దీన్ని వాడగలం.

అసలు చిక్కు షాపులోనే ఉంది. మన దగ్గర కోడిని చాలాచోట్ల తోలుతో సహా ఒలిచేస్తారు. ఈకలు, కొవ్వు, పేగులు, రక్తం ఒకే డ్రమ్ములో పడి, ఎండకు కొన్ని గంటల్లోనే కుళ్లుతాయి. ఉడికిస్తే క్రిములు చస్తాయి గానీ, కుళ్లులో పుట్టిన హిస్టమిన్ లాంటి హానికర పదార్థాలు పోవు. కొవ్వు కలిస్తే పొడి ముక్కిపోతుంది. అందుకే యంత్రాలు కొనేముందు మున్సిపాలిటీలు ఈకలకు వేరే డ్రమ్ము పెట్టించి, ఏ రోజువి ఆ రోజే ఎత్తించాలి.

కొనే రైతు కూడా బస్తా మీది ప్రోటీన్ శాతం చూసి మోసపోకూడదు. ల్యాబులో ప్రోటీన్‌లో ఉండే నత్రజనిని కొలిచి, 6.25తో హెచ్చవేసి ఆ అంకె రాస్తారు. ఉడకని ఈకకూ అంతే వస్తుంది. అడగాల్సింది పెప్సిన్ (కడుపులో ప్రోటీన్‌ను అరిగించే ఎంజైము) పరీక్షలో ఎంత అరిగిందని. బాగా తయారైన పొడి అయితే 75 శాతమైనా అరగాలి.